పిట్స్‌బర్గ్ గుడికి కారులోనా? ఒక డాలర్ నోట్లు దగ్గర పెట్టుకో తమ్ముడూ

న్యూజెర్సీకి కొత్తగా వచ్చాను, సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, మా ఆవిడతో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామనుకుంటున్నాను, దారి ఎలా ఉంటుందన్నా అని అడిగావు. దారి బాగుంటుంది. ఖర్చు గురించి అడగలేదు కాబట్టి అదే చెప్తాను.

మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద కారు కాస్త నెమ్మదించిందంటే చాలు, జామకాయలో ముంజలో పట్టుకుని అద్దం దగ్గరికి వచ్చేస్తారు. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగితే పక్కనే చెరకు రసం బండి. ధర అడుగుతాం, ఎక్కువంటాం, రెండడుగులు వెనక్కి వేస్తే వాడే పిలుస్తాడు. ఇక్కడ ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలు దాటి పోయే పెద్ద హైవే) అంచున నడిచే మనిషే ఉండడు. చెట్లు, పేలిన లారీ టైరు ముక్కలు, గుద్దుకుని చచ్చిన జింకలు, యాక్సిడెంట్ లాయర్ల హోర్డింగులు. మొదటిసారి వెళ్లినప్పుడు మీ వదిన "ఊళ్లేవండీ?" అని అడుగుతూనే ఉంది. ఊళ్లు ఎగ్జిట్ దిగితే ఉంటాయి. ఏ ఎగ్జిట్‌లో గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) ఉందో, తిండి ఉందో నీలం బోర్డుల మీద రాసి ఉంటుంది. దారి పొడవునా డబ్బులడిగేవాడు ఒక్కడూ ఎదురుపడడు, కానీ డబ్బులు పోతూనే ఉంటాయి. బేరమాడటానికి మనిషే లేడు మరి.

గ్యాస్ సంగతి చూడు. న్యూజెర్సీలో మన గ్యాస్ మనం కొట్టుకోవడానికి లేదు, 1949 నుంచీ అదే చట్టం. కూర్చుంటే మనిషి వచ్చి కొడతాడు. దేశమంతా ఇంతే అనుకుని, పిట్స్‌బర్గ్ ఉన్న పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో పంపు పక్కన ఆపి అద్దం దించి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాక దిగాను. మెషీన్ జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడిగితే, మా ఇంటి అడ్రస్ దీనికెందుకని నాకు అనుమానం. చివరికి డెబిట్ కార్డు పెట్టి ఇరవై డాలర్ల లోపే కొట్టించాను. రాత్రి మోటెల్లో చూసుకుంటే అకౌంట్లోంచి వంద డాలర్లు ఆపేసి ఉన్నాయి! దాన్ని హోల్డ్ అంటారు, ఎంత కొట్టించుకుంటావో ముందు తెలియదు కాబట్టి కొన్నిచోట్ల 175 డాలర్ల దాకా పట్టి ఉంచుతారు. తర్వాత వదిలేస్తారులే, కానీ నెలాఖరులో ఆ వంద కోసం నిద్ర పట్టదు. డెబిట్ కార్డే ఉంటే లోపలికెళ్లి ఇంతకని చెప్పి కట్టు. పెద్ద బోర్డు మీద కనిపించేది చాలాచోట్ల క్యాష్ ధర, కార్డుకి ఎక్కువ. పెన్సిల్వేనియాలో గ్యాస్ మీద పన్ను బాగా ఎక్కువ కాబట్టి, ఇంటర్‌స్టేట్ 78 మీద రెండు రాష్ట్రాల మధ్య డెలావేర్ నది దాటకముందే ట్యాంకు నింపుకో.

ఇక టర్న్‌పైక్, అంటే పెన్సిల్వేనియా టోల్ రోడ్డు. ఇప్పుడంటే కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీసుకుంటుంది. మా రోజుల్లో ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట దూరాన్ని బట్టి కట్టేవాళ్లం. ఆ టికెట్‌లో మా వాడి బిస్కెట్ చుట్టి, తినేశాక రెండూ కలిపి సర్వీస్ ప్లాజా (టోల్ రోడ్డు మీదే తిండికి, గ్యాస్‌కి ఆగే చోటు) చెత్తబుట్టలో పారేసింది మీ వదిన. టికెట్ లేకపోతే అన్నిటికన్నా దూరం నుంచి వచ్చినట్టు లెక్కట. బూత్‌లో ఆవిడకి నవ్వుతూ, ఏడుపు మొహం పెట్టి, దేవుడి దర్శనానికని చెప్పి, అన్ని రకాలుగా ప్రయత్నించాను. డబ్బు తీసుకుని "హ్యావ్ ఎ నైస్ డే" అంది. నీకు ఆ బాధ లేదు, ఈజీపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) తీసుకో చాలు. అది లేకపోతే ఇంటికొచ్చే బిల్లు దాదాపు రెట్టింపు.

ఆ ప్లాజాల్లో తిండి కూడా ఖరీదే. టర్న్‌పైక్ 1940లోనే తెరిచారు కాబట్టి హోటళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. 1956 చట్టంతో వచ్చిన ఇంటర్‌స్టేట్‌ల మీద రెస్ట్ ఏరియాలో వ్యాపారం చేయకూడదు, డబ్బులు వేస్తే చిరుతిండి ఇచ్చే మెషీన్లు తప్ప తిండి అమ్మేవేమీ ఉండవు. నాకైతే అవే ఇష్టం. బాత్రూమ్ ఫ్రీ, మంచినీళ్లు ఫ్రీ, పిక్నిక్ బల్ల ఫ్రీ. మా మరదల్ని పులిహోర కలపమను. మోటెల్ మైక్రోవేవ్‌లో మాత్రం సాంబారు వేడి చేయకండి, ఆ వాసనకి వాళ్లు క్లీనింగ్ చార్జీ వేస్తే నన్ను అనొద్దు.

తీరిక ఉంటే హారిస్‌బర్గ్ నుంచి రూట్ 22 పట్టుకో. ఓ గంట ఎక్కువ పడుతుంది కానీ ఆ ముక్కకి టోల్ లేదు, నేరుగా మన్రోవిల్ దాకా వస్తుంది, గుడి ఉన్న పెన్ హిల్స్ పక్కనే. ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముకునే యార్డ్ సేల్‌లు, చర్చి బయట చికెన్ కాల్చి అమ్మడం, అసలు రోడ్డు పక్క బతుకంటే ఈ దారిలోనే కనిపిస్తుంది. జులై, ఆగస్టుల్లో మొక్కజొన్న పొత్తులు బల్ల మీద పోసి ఉంటాయి. అట్టముక్క మీద ధర, పక్కన కన్నమున్న డబ్బా. మనిషి ఉండడు! నేను "హలో, హలో" అని అరిచాను. దూరంగా కుక్క మొరిగింది. డజను ఐదు డాలర్లు. నా దగ్గర ఇరవై నోటు ఒక్కటే. వేస్తే చిల్లర రాదు, వేయకుండా తీసుకెళ్తే దేవుడి దగ్గరికి ఏ మొహంతో వెళ్లాలి? వదిలేసి పోదామంది మీ వదిన. కారు ఆపాక ఊరికే పోవడమా? నోటు వేసి నాలుగు డజన్లు డిక్కీలో పోశాను. తిరిగొచ్చాక అపార్ట్‌మెంట్‌లో అందరికీ పంచినా తరగలేదు. గారెలు వేస్తే ఆ తియ్య మొక్కజొన్న నూనె పీల్చేసింది, నూనె ఖర్చు అదనం. అందుకే చెప్తున్నా, ఒక డాలర్ నోట్లు ఓ పదిహేను పెట్టుకో.

స్కూల్ బస్సు ఎర్రలైట్లు వేస్తే ఆగడం, పోలీసు ఆపితే కారు దిగకపోవడం లాంటివి డ్రైవింగ్ మాన్యువల్లో ఉన్నాయి, చదువుకో. చలికాలం కాకుండా చూసుకో. 78 మీద నది బ్రిడ్జికి పెన్సిల్వేనియాలోకి వెళ్లేటప్పుడే టోల్, వచ్చేటప్పుడు లేదు. మొదటిసారి తెలియక వచ్చేటప్పుడు కూడా చేతిలో డబ్బులు పట్టుకుని బూత్ కోసం చాలాసేపు వెతికాను.