ఎల్4-ఎల్5 ఫ్యూజన్: పీక్ కేజా, త్రీడీ ప్రింటెడ్ టైటానియం కేజా?

మీ నాన్నగారికి ఎల్4-ఎల్5 ఫ్యూజన్ (నడుము కింది భాగంలో రెండు వెన్నుపూసల్ని అతికించే ఆపరేషన్) చెయ్యాలన్నారు, పీక్ కేజ్‌కి ఒక రేటు, త్రీడీ ప్రింటెడ్ టైటానియం కేజ్‌కి అంతకన్నా బాగా ఎక్కువ రేటు చెప్పారు, ఏది తీసుకోవాలి అని అడిగారు. మా అమ్మకి ఇక్కడే హైదరాబాద్‌లో పీక్ వేశారు. మా బాబాయికి ఇంకో ఆస్పత్రిలో త్రీడీ ప్రింటెడ్ టైటానియం. ఇద్దరూ బాగానే తిరుగుతున్నారు.

ముందు ఒకటి తెలుసుకోండి. ఈ తేడా అంతా, రెండు పూసల మధ్య మెత్తటి దిండులాంటి డిస్క్ తీసేసిన చోట పెట్టే కేజ్ అనే చిన్న ముక్క గురించే. వెనక బిగించే స్క్రూలు, రాడ్లు ఎక్కువగా టైటానియంవే ఉంటాయి. కాబట్టి కౌన్సెలింగ్ డెస్క్‌లో "ఫుల్ టైటానియం సెట్ సార్" అంటే, ఏ ముక్క గురించి అంటున్నారో అడగండి.

పీక్ అంటే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలిమర్. వంగకుండా నిలబడే గుణం కొలిస్తే దానికి 3-4 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానికి 110 దాకా వస్తుంది. మన ఎముక పీక్‌కే దగ్గర. అంత బిరుసైన లోహం మెత్తబడిన ఎముకలోకి దిగబడిపోతుందేమోనన్న భయంతోనే చాలామంది సర్జన్లు పీక్ వైపు వెళ్లారు. ఇంకో లాభం, అది ఎక్స్‌రేకి అడ్డురాదు. అమ్మ ఫిల్మ్‌లో స్క్రూలు తెల్లగా మెరుస్తుంటే, కేజ్ ఉన్న చోట దానిలో గుర్తు కోసం పెట్టిన చిన్న చిన్న టాంటలం లోహపు చుక్కలు మాత్రమే కనిపించాయి. తర్వాతి ఎక్స్‌రేలో ఆ చుక్కల మధ్య ఎముక అల్లుకోవడాన్ని డాక్టర్ పెన్ను కొనతో చూపించారు.

పీక్‌తో చిక్కేమిటంటే, ఎముక దాని చుట్టూ పెరుగుతుందే గానీ దాన్ని పట్టుకోదు. టైటానియాన్ని నేరుగా పట్టుకుంటుంది. త్రీడీ ప్రింటింగ్‌లో దాన్ని స్పాంజిలా సన్నటి రంధ్రాలతో చేస్తారు కాబట్టి బిరుసు తగ్గుతుంది, ఎముక లోపలికీ పాకుతుంది. అందుకే పాత టైటానియం కేజ్‌ల మీద చెప్పే అభ్యంతరాల్లో కొన్ని దీనికి వర్తించవు. కాకపోతే ఎముక అతికిందో లేదో ఎక్స్‌రేలో తేల్చడం కొంచెం కష్టం, ఒక్కోసారి సీటీ తియ్యాల్సి వస్తుంది. ఎమ్మారై తియ్యొచ్చు, ఆ చుట్టుపక్కల బొమ్మ మసకబారుతుంది, అంతే. (మెట్రో స్టేషన్ చెకింగ్‌లో బీప్ వస్తే "నడుములో స్క్రూలున్నాయమ్మా" అనడం మా ఇంట్లో మామూలైపోయింది.)

నన్నడిగితే, రెండు రేట్ల మధ్య తేడా కోసం అప్పు చెయ్యక్కర్లేదు. మీ సర్జన్ రోజూ ఏది వేస్తారో అదే వెయ్యనివ్వండి. ఆ టెన్షన్ అంతా నాన్నగారి ఎముక మీద పెట్టండి. ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించారా? షుగర్ కంట్రోల్‌లో ఉందా? సిగరెట్ తాగుతారా? బాబాయికి సిగరెట్ మానేస్తే గానీ డేట్ ఇవ్వనన్నారు డాక్టర్. పిన్ని ఎన్నేళ్లు పోరినా కానిది అలా అయింది. కేజ్ లోపల నింపే గ్రాఫ్ట్ (ఎముక అతకడానికి పెట్టే ఎముక లేదా దాని బదులు వాడే పదార్థం) ఏమిటో కూడా అడగండి. ఆపరేషన్‌లో తీసిన సొంత ఎముకేనా, తుంటి నుంచి తీస్తారా, కృత్రిమమైనదా? చివరిది అయితే బిల్లులో విడిగా పడుతుంది, ఎస్టిమేట్‌లో ఉందో లేదో చూడండి.

ఇన్సూరెన్స్ ఉంటే ఇంప్లాంట్‌కి పరిమితి ఉందేమో అడ్మిషన్‌కి ముందే ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ పనులు చూసే టీపీఏ డెస్క్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. డిశ్చార్జ్ రోజున ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ అడగండి. కంపెనీ, సైజు, లాట్ నంబర్ దాని మీదే ఉంటాయి. క్లెయిమ్‌కీ, ముందు ముందు ఎమ్మారైకి వెళ్లినప్పుడూ అవే అడుగుతారు. ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.