మోచే ముఖపు కూజాలు అచ్చులో తీసినవే, అయితే ఏంటి?

"పెరూలో పూర్వం ఉన్న మోచే ప్రజలు మనిషి తల ఆకారంలో చేసిన ముఖపు కూజాలు కుమ్మరి సారె లేకుండా ఎలా చేశారు? అచ్చులో తీసినవైతే అందులో కళ ఏముంది?" అన్నది ప్రశ్న.

స్పెయిన్ వాళ్ళు వచ్చేదాకా అమెరికా ఖండాల్లో కుమ్మరి సారె ఎక్కడా లేదు. మోచేలు ముందు గట్టి మట్టితో నమూనా తల చేసి, దాని మీద మట్టి అద్ది, ముందు సగం, వెనక సగం విడిగా తీసి కాల్చేవారు. అచ్చంటే అదే. అందులో మెత్తటి మట్టిని రేకులా పరిచి వేళ్ళతో నొక్కాలి. కాల్చిన అచ్చు తడి పీల్చుకుంటుంది కాబట్టి మట్టి కాస్త ముడుచుకుని తనంతట తానే వదులుతుంది. తొందరపడి లాగితే ముక్కు అచ్చులోనే ఉండిపోతుంది, మరీ ఆరనిస్తే సగాలు అతకవు. అంచులు గీరి, జారు మట్టి పూసి అతికి, అతుకు మీద లోపలి నుంచి వేలితో రుద్దాలి. పగిలిన కూజాల లోపల ఆ వేలి గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. మ్యూజియాల్లో మాత్రం ముఖాన్ని మనవైపు, అతుకుల్ని గోడవైపు పెడతారు!

అసలు కష్టం పైనున్న వంపు గొట్టంతో, అంటే రెండు కాళ్ళతో తల మీద ఆని, పైన ఒకే మూతిగా కలిసే గొట్టంతో. తలకి ముందే రంధ్రాలు పొడవాలి, లేకపోతే కూజాలోకి దారే ఉండదు. గొట్టం పల్చగా, తల మందంగా ఉంటే ఒకటి ముందు, ఒకటి వెనక ఆరి అతుకు దగ్గర చీలుతుంది. తర్వాత మీగడ రంగు పూత, జాజు రంగు పూత, నున్నటి రాయితో మెరుగు, ఆపైన కాల్పు. కాలేటప్పుడు కట్టెలు ఆనుకున్న చోట నల్ల మచ్చ పడుతుంది.

ఇక కళ సంగతి. పైపెదవి మీద గాటున్న ఒక మనిషి 10 ఏళ్ళ కుర్రాడి నుంచి 30 దాటిన మగవాడి దాకా వేర్వేరు కూజాల మీద కనిపిస్తాడని పురావస్తు పరిశోధకుడు క్రిస్టఫర్ డానన్ గుర్తించారు. అచ్చుకి వయసు రాదు కదా. ముఖం మారినప్పుడల్లా ఎవరో అతన్ని చూసి కొత్త నమూనా చేయాల్సిందే. ఒకే అచ్చులో వచ్చిన తలలకి కూడా ముఖం మీది రంగులు, తలపాగా నగిషీలు మార్చేవారు. అచ్చు శ్రమ తగ్గించింది, చూపుని కాదు.

అన్నట్టు, వీటిని ఇంకాల కుండలని రాసేవాళ్ళకి ఒక దండం. మోచేలు ఇంకాల సామ్రాజ్యానికి కొన్ని వందల ఏళ్ళు ముందువాళ్ళు. గొట్టం మూతి ఆకారాన్ని బట్టి పెరూ పురావస్తు పరిశోధకుడు రఫాయెల్ లార్కో 1948లో చెప్పిన అయిదు దశలతో కాలం లెక్కగడితే మూతి పాతదేనా, తర్వాత అతికించిందా అన్నది ముందు చూడండి. మరమ్మతు చేసిన మూతులు చాలానే తిరుగుతున్నాయి.