పొట్టి ఫిరంగుల ఓడ

ప్రశ్న: తిమింగలం ఢీకొట్టి ముంచేసిన ‘ఎసెక్స్’ అమెరికా యుద్ధనౌక అని మా ఎనిమిదో తరగతి పిల్లాడు క్లాసులో చెప్పాడు. కాదేమోనని నా అనుమానం, కానీ గట్టిగా చెప్పలేకపోయాను. అసలు సంగతి రాయగలరా?
– ఒక సోషల్ టీచర్, భీమవరం

జవాబు: మాస్టారూ, మీ అనుమానమే నిజం. అయినా ఆ పిల్లాణ్ని ఏమీ అనకండి. రెండు ఎసెక్స్‌లూ 1799లోనే నీళ్లలోకి దిగాయి, రెండూ అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఎసెక్స్ కౌంటీలోనే తయారయ్యాయి, రెండూ పసిఫిక్‌లో తిరిగాయి. 1820 నవంబర్‌లో తిమింగలం ముంచింది తిమింగలాల్ని వేటాడే ఓడని. యుద్ధనౌక అప్పటికే ఆరేళ్ల క్రితం అమెరికా చేజారిపోయింది.

ఆ యుద్ధనౌకని కట్టించింది సేలం ఊరి జనం. ఫ్రాన్స్‌తో గొడవల్లో తమ సరుకు ఓడలు దొంగలపాలవుతుంటే చందాలు వేసుకున్నారు. డెర్బీ, గ్రే అనే ఇద్దరు పెద్ద వ్యాపారులు చెరో పదివేల డాలర్లిచ్చారు. ఓక్ చెట్లున్న రైతులు కలప తోలుకురావాలని ఓడ కట్టే ఈనస్ బ్రిగ్స్ పేపర్లో ప్రకటన వేయించాడు. 1799 సెప్టెంబర్ 30న ఓడ నీళ్లలోకి దిగింది. కొత్త సంవత్సరం వచ్చిందో లేదో, 1800 జనవరిలోనే కెప్టెన్ ప్రెబుల్ దాన్ని జావా వైపు నడిపించాడు. వెంట బయల్దేరిన ‘కాంగ్రెస్’ ఫ్రిగేట్ (వేగంగా పోయే మధ్యరకం యుద్ధనౌక) తుపానులో తెరచాప స్తంభాలు విరిగి వెనక్కి పోయింది. ఎసెక్స్ ఒక్కటే ఆఫ్రికా కొసన గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టింది. అమెరికా యుద్ధనౌక ఆ మలుపు దాటడం అదే మొదటిసారి.

ఇక అసలు విషయానికి వస్తాను. సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ని కాబట్టి నా మనసు అక్కడే ఆగిపోతుంది. మొదట్లో ఈ ఓడకి పొడుగు ఫిరంగులుండేవి. తర్వాత వాటిలో చాలావాటిని తీసేసి కరోనేడ్లు పెట్టారు. కరోనేడ్ అంటే పొట్టి ఫిరంగి. పద్నాలుగున్నర కిలోల గుండు విసురుతుంది. ఓడ పక్కకొస్తే చెక్కల్ని పిండి చేస్తుంది, దూరంగా ఉంటే గుండు అందనే అందదు. 1812 నాటికి ఎసెక్స్ మీద అలాంటివి నలభై, పొడుగువి ఆరంటే ఆరు.

కెప్టెన్ డేవిడ్ పోర్టర్ 1811లోనే నౌకాదళ మంత్రికి ఉత్తరం రాశాడు. ఈ ఫిరంగులు నాకొద్దు, పోరు మొదట్లోనే మా తెరచాపలు దెబ్బతింటే పొడుగు ఫిరంగులున్న ఓడ మాకందనంత దూరంలో నిలబడి మమ్మల్ని ముక్కలు చేస్తుంది అని. మంత్రి ఒప్పుకోలేదు.

1812లో అమెరికాకి బ్రిటన్‌తో యుద్ధం మొదలైంది. 1813లో పోర్టర్ దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి పసిఫిక్‌లోకి వెళ్లాడు. అక్కడికి చేరిన మొదటి అమెరికా యుద్ధనౌక కూడా ఇదే. బ్రిటిష్ వేట ఓడల్ని పన్నెండు దాకా పట్టుకున్నాడు. పట్టిన ఓడల్ని నడపడానికి ఆఫీసర్లు చాలక, బార్క్లే అనే ఓడని డేవిడ్ ఫరగట్ అనే పన్నెండేళ్ల కుర్రాడికి అప్పగించాడు. మీ క్లాసు పిల్లలకన్నా చిన్నవాడు! ఆ ఓడ పాత కెప్టెన్ ‘నా మాట కాదని తాడు ముట్టుకున్నవాణ్ని కాల్చేస్తా’ అని పిస్తోళ్ల కోసం కిందికి పోయాడు. పిస్తోళ్లతో పైకొస్తే సముద్రంలోకి తోయిస్తానని ఫరగట్ కేకేసి చెప్పాడు. నావికులు కుర్రాడి మాటే విన్నారు. తర్వాత అమెరికా నౌకాదళంలో మొట్టమొదటి అడ్మిరల్ అయింది ఇతనే.

1814 ఫిబ్రవరిలో ఎసెక్స్ చిలీలోని వల్పరైసో రేవులో ఉండగా బ్రిటిష్ ఫ్రిగేట్ ‘ఫీబీ’ లోపలికొచ్చింది. గాలికి కొట్టుకుంటూ ఎసెక్స్‌ని దాదాపు ఆనుకునేంత దగ్గరికి వచ్చేసింది. ఆ నిమిషంలో పొట్టి ఫిరంగులన్నీ పేలితే ఫీబీ మిగిలేది కాదు. కానీ అది తటస్థ దేశపు రేవు. ఎదుటి కెప్టెన్ హిల్యర్ పాత పరిచయస్తుడు, కొట్లాడే ఉద్దేశం లేదని అరిచి చెప్పాడు. పోర్టర్ ఆగాడు. అది సరైన పనే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మార్చి 28న లంగరు తాడు తెగి ఓడ సముద్రం వైపు జారింది. పోర్టర్ తెరచాపలెత్తి తప్పించుకోబోయాడు. కొండకొస మలుపు దగ్గర ఒక్కసారిగా ఈదురుగాలి కొట్టి మధ్య స్తంభం పైభాగం విరిగిపడింది. మా ఓడ ఒకసారి వల్పరైసోలో లంగరు వేసింది. పొద్దున అద్దంలా ఉన్న నీళ్లు, మధ్యాహ్నానికి కొండల మీంచి దక్షిణపు గాలి దిగేసరికి తెల్లబారిపోయాయి. డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడితే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. స్తంభం ఎలా విరిగిందో ఆ రోజు నాకు అర్థమైంది.

తర్వాత జరిగిందంతా పోర్టర్ ఉత్తరంలో రాసినట్టే. ఫీబీ, ‘చెరబ్’ అనే ఇంకో బ్రిటిష్ యుద్ధనౌక కలిసి దూరం నుంచి రెండున్నర గంటలు కొట్టాయి. ఎసెక్స్‌లో 58 మంది చనిపోయారు, 31 మంది గల్లంతయ్యారు. బ్రిటిష్ వైపు పోయింది ఐదుగురు. పోర్టర్ జెండా దింపించాడు.

బ్రిటిష్‌వాళ్లు ఓడని ఇంగ్లండ్ తీసుకుపోయారు. చివరికి ఐర్లండ్‌లోని కింగ్స్‌టౌన్ రేవులో దాన్ని ఖైదీల్ని ఉంచే జైలుగా మార్చారు. 1837లో వేలంలో అమ్మేశారు.