సిడ్నీ బ్లాక్‌టౌన్‌లో కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ నిన్న రాత్రి చదివి, పొద్దున్నే లేచి మళ్ళీ చదివాను. నువ్వు రాయగలవు, అందులో నాకు అనుమానం లేదు. అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను.

మొదటి పేజీలోనే ఆ పద్నాలుగేళ్ల ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లాణ్ణి "దారి తప్పుతున్న అబోరిజినల్ కుర్రాడు" అని పరిచయం చేశావు. అది దరఖాస్తు ఫారాల భాష. గ్రాంటు రావాలంటే పిల్లలతో పనిచేసే సంస్థలు "ఎట్ రిస్క్", అంటే ప్రమాదపు అంచున ఉన్నారు, అని రాయక తప్పదు. కథకి ఆ అవసరం ఏముందమ్మా? ఇంట్లో అమ్మమ్మ వాణ్ణి ఏమని పిలుస్తుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఆ అమ్మమ్మ సంగతే చూడు. పోలీసు కారు కనపడగానే తలుపేసుకుంటుందని రాశావు, బాగుంది. ఎందుకు వేసుకుంటుందో మాత్రం నీకే తెలిసినట్టు లేదు. ఆవిడ వయసు లెక్కేసి చూడు. అబోరిజినల్ పిల్లల్ని కుటుంబాల నుంచి లాక్కుపోవడం ఈ దేశంలో 1970 దాకా సాగింది. నువ్వుండే బ్లాక్‌టౌన్ పేరు వెనకా ఈ కథే ఉంది. ఆ పిల్లల్ని అమ్మానాన్నల నుంచి వేరుచేసి చదివించడానికి అప్పటి బ్రిటిష్ గవర్నర్ మాక్వారీ 1814లో సిడ్నీ దగ్గరి పరమటాలో ఒక బడి పెట్టించాడు. 1823లో దాన్ని మీవైపు మార్చారు. ఆ స్థలం మళ్ళీ, ఆ నేల అసలు హక్కుదారులైన ధరుగ్ ప్రజల చేతికి రావడానికి 2018 దాకా పట్టింది. మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కుని, సంక్రాంతికి ముగ్గులు పెట్టుకునే ఊరు ఇది. ఇదంతా కథలో చెప్పక్కర్లేదు. నీకు తెలిసుంటే చాలు, ఆ తలుపు చప్పుడే మారిపోతుంది.

ఇక నీ కథలో పోలీసు, పిల్లాడు కలిసి బాక్సింగ్ ప్రాక్టీసు చేసే ఘట్టం. సిడ్నీలోని రెడ్‌ఫెర్న్ పేట సంగతి విని రాశావని అర్థమైంది. కానీ దాని ముందు జరిగింది వదిలేశావు. 2004 ఫిబ్రవరిలో దాని పక్కనే వాటర్లూలో 17 ఏళ్ల అబోరిజినల్ అబ్బాయి సైకిల్ మీద వెళ్తూ ఇనుప కంచె మీద పడి చనిపోయాడు. పోలీసులు తరిమారని ఇంటివాళ్ళు, తరమలేదని పోలీసులు. ఆ రాత్రి రెడ్‌ఫెర్న్ వీధుల్లో మంటలు లేచాయి. అదే పేటలో 2009లో ట్రైబల్ వారియర్ అనే అబోరిజినల్ సంస్థ, స్థానిక పోలీసులు కలిసి తెల్లవారి ఆరింటికి బాక్సింగ్ శిక్షణ మొదలుపెట్టారు. ఆ సంస్థను నడిపిన షేన్ ఫిలిప్స్‌కి 2013లో ఆస్ట్రేలియా 'లోకల్ హీరో' పురస్కారం ఇచ్చింది. ఆరింటికి లేవాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి. రాత్రి పడుకున్న పిల్లాడు వీధిలో ఉండడు. ఇంత మామూలు విషయం మీద నడిచింది ఆ పని. నువ్వేమో పోలీసు అన్నయ్య పిల్లాణ్ణి కౌగిలించుకున్నట్టు ఒక్క పేజీలో తేల్చేశావు. అంత త్వరగా నమ్మకం కుదరదమ్మా.

నేను కొన్నాళ్ళు వాలంటీరుగా వెళ్ళిన ఒక హాల్లో చూసింది చెప్తాను. ఓ పెద్దాయన కుర్రాడి చేతికి గుడ్డ పట్టీ చుడుతున్నాడు. బొటనవేలి చుట్టూ ఒకసారి, మణికట్టు మీద మూడుసార్లు. "నిన్న రాలేదేం?" అన్నాడు. కుర్రాడు నేల చూశాడు. ఆయన జవాబు కోసం ఆగలేదు, "రెండో చెయ్యివ్వు" అన్నాడు, అంతే. ఆ పిల్లాడు మర్నాడూ వచ్చాడు. నాకు ఇప్పటికీ ఆ పట్టీ చుట్టిన తీరే గుర్తు.

మాటల సంగతి ఒకటి రెండు. 'అంకుల్', 'ఆంటీ' అనే మాటలు అబోరిజినల్ వాళ్ళలో పెద్దరికం ఉన్నవాళ్ళకే దక్కుతాయి, మనం అపార్ట్‌మెంట్లో ఎదురింటావిణ్ణి పిలిచినంత తేలిగ్గా రావు. 'డెడ్లీ' అంటే అక్కడి పిల్లల నోట 'అదిరింది' అని, నువ్వు రాసిన 'ప్రాణాంతకం' కాదు. 'ఆటవికులు' అన్న మాట పూర్తిగా తీసెయ్, అది అవమానం. చనిపోయినవాళ్ళ పేరు ఇంటివాళ్ళని అడగకుండా వాడకూడదని చాలా కుటుంబాల్లో కట్టుబాటు. ఆ అబ్బాయి పేరు నేను పైన రాయనిది అందుకే.

చివర్లో పిల్లాడు బాగుపడి, అందరూ చప్పట్లు కొట్టడం నాకు మింగుడు పడలేదు. అసలు టెన్షన్ ఆ తర్వాతే ఉంటుంది. గ్రాంటుకి గడువుంటుంది, పిల్లాడు మాత్రం ఇంకా ఎదుగుతూనే ఉంటాడు. 2022 ఆగస్టులో రెడ్‌ఫెర్న్‌లోని నేషనల్ సెంటర్ ఆఫ్ ఇండిజినస్ ఎక్సలెన్స్ అనే అబోరిజినల్ ఆటల, సామాజిక కేంద్రాన్ని మూసేస్తామన్నప్పుడు ఆ చుట్టుపక్కల జనం పిల్లాపాపలతో వచ్చి గేటు ముందు నిలబడ్డారు. వాళ్ళలో నీ పిల్లాడు ఉంటే ఏం చేసేవాడు? అమ్మమ్మ తలుపు తీసి బయటికొచ్చేదా?

ఈసారి కథ తిరగరాశాక నాకు పంపేముందు, అక్కడి అబోరిజినల్ పెద్దల్లో ఒకరికి ఇంగ్లీషులో చెప్పి వినిపించు. ఇది తప్పు అని వాళ్ళన్న చోట ఎదురు వాదించకు, రాసుకో. ఆ కాగితం కూడా కథతో పాటు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ