కాలనీ మీటింగులో తల్లిదండ్రులు నోరు విప్పట్లేదంటే: అనంతపురం వలంటీర్‌కు సమాధానం

గంజాయికి అలవాటుపడ్డ పిల్లల గురించి పోలీసాయన్ని పక్కన కూర్చోబెట్టి మీటింగ్ పెడుతున్నారు కదా, చిక్కు అక్కడే ఉన్నట్టుంది. మూడుసార్లు పిలిచినా తల్లిదండ్రులు నోరు విప్పలేదన్నారు. ఎట్లా విప్పుతారన్నా? కొడుకు పేరు బయటపడితే కేసవుతుందని వాళ్ల టెన్షన్.

1. పట్టించే పని, బాగుచేసే పని ఒకే మనిషికి ఇవ్వొద్దు. గంజాయి అమ్మేవాళ్ల సంగతి తెలిస్తే ఈగల్ (మన రాష్ట్ర పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం) టోల్‌ఫ్రీ 1972కి చెప్పి వదిలేయండి.

2. చాలామంది మరిచేది ఇదే. ఇంటికి గుంపుగా పోవద్దు. ఆ కుటుంబం నమ్మే ఒక్కరే పోవాలి, పక్కింటి అక్కో పాత ట్యూషన్ సారో. మొదట చెప్పాల్సింది 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలోని (మత్తుమందుల చట్టం) 64ఏ సెక్షన్ గురించి. వాడినందుకో, కొద్ది మోతాదు దొరికినందుకో కేసు ఉన్నా, అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపున్న కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. ఈ మాట విన్నాకే తల్లులు కూర్చోమంటారు.

పిల్లాడి పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపులో అస్సలు పడకూడదు. మా వీధిలో ఒకసారి పడింది. ఆ కుటుంబం ఇల్లే ఖాళీ చేసింది.

3. డీఅడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) హెల్ప్‌లైన్ 14446. మీరు చేయడం కాదు, పిల్లాడి చేతే చేయించండి.

4. స్కూలుకు 100 గజాల లోపు సిగరెట్లు అమ్మడం 2003 పొగాకు చట్టం ప్రకారం నేరం. టేపు పట్టి కొలిచాకే ఫిర్యాదు రాయండి.