ఈఎస్‌జీ ఫండ్ అని పేరుంటే చాలా? కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఏ పట్టికలు చూడాలి?

మీ ప్రశ్న ఇది: "నెలనెలా సిప్ కడుతున్నాను. కార్మికుల ప్రాణాలకు విలువివ్వని కంపెనీల్లోకి నా డబ్బు పోకూడదు. ఈఎస్‌జీ ఫండ్ తీసుకుంటే సరిపోతుందా, కంపెనీలను కూడా నేనే చూసుకోవాలా?"

సరిపోదండి. ఫండ్ పేరు చూసి ఊరుకుంటే మీకు ముఖ్యమైన సంగతే జారిపోతుంది. ఈఎస్‌జీ అంటే పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన. 2023 జులైలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఈఎస్‌జీ ఫండ్లను ఆరు రకాలుగా విడగొట్టింది. వాటిలో "ఎక్స్‌క్లూజన్" రకం కొన్ని రంగాలను పూర్తిగా పక్కన పెడుతుంది. "ఇంటిగ్రేషన్" రకం ఈఎస్‌జీ అంశాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. అది ఏ రంగాన్నీ వదిలేయనక్కర్లేదు. ఫండ్ డబ్బులో కనీసం 80 శాతం తాను చెప్పిన పద్ధతి ప్రకారమే పెట్టాలి. 2024 అక్టోబర్ 1 నుంచి కనీసం 65 శాతం, బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీ తన బాధ్యతల గురించి ఏటా ఇచ్చే నివేదిక)లోని ముఖ్యమైన అంకెలకు, అంటే బీఆర్‌ఎస్‌ఆర్ కోర్‌కు, అష్యూరెన్స్ చేయించుకున్న కంపెనీల్లో ఉండాలి. నిబంధనలు మంచివే. కానీ అష్యూరెన్స్ అంటే కంపెనీ ఇచ్చిన అంకె సరిగ్గా లెక్కకట్టిందని బయటివాళ్లు చెప్పడమే. ఆ అంకె మంచిదా చెడ్డదా అన్నది వాళ్ల పని కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి ఫండ్ల పోర్ట్‌ఫోలియోలో ఐటీ, బ్యాంకుల వాటా ఎక్కువ కనిపిస్తుంది. వాటికి పొగగొట్టాలు ఉండవు కాబట్టి స్కోరు బాగా వస్తుంది. బ్యాంకు ఏ గనికి, ఏ ప్లాంటుకు అప్పిచ్చిందో స్కోరులో కనిపించడం తక్కువ.

ఇక కంపెనీల సంగతి. బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికను సెబీ 2021 మేలో తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో కంపెనీ ఫైలింగ్స్ కింద దొరుకుతుంది, వార్షిక నివేదికలోనూ ఉంటుంది. పదుల పేజీలుంటుంది కానీ మీకు కావాల్సినవి కొన్ని పట్టికలే. విధానాలున్నాయి, కమిటీలున్నాయి అని చెప్పే సెక్షన్ బీని దాటేయండి. అక్కడ అందరికీ అన్నీ ఉంటాయి.

ముందు సెక్షన్ ఏలో "రిపోర్టింగ్ బౌండరీ" అన్న గడి చూడండి. "స్టాండలోన్" అని ఉంటే అనుబంధ కంపెనీల్లో ఏం జరిగినా ఈ నివేదికలోకి రాదు. ప్రమాదకరమైన ప్లాంటు అనుబంధ కంపెనీ పేరున ఉంటే మిగతా పేజీలు ఎంత శుభ్రంగా ఉన్నా ప్రయోజనం లేదు. "కన్సాలిడేటెడ్" అని ఉన్నవాళ్లవే ముందుకు చదవడం నా పద్ధతి.

అదే సెక్షన్‌లో ఉద్యోగులు, కార్మికుల పట్టిక ఉంటుంది. కార్మికుల కింద రెండు వరుసలు: పర్మనెంట్, "అదర్ దాన్ పర్మనెంట్". కాంట్రాక్టు కూలీలు ఉండేది ఈ రెండో వరుసలోనే. పర్మనెంట్ 3,000, రెండో వరుసలో 9,000 ఉంటే, ఆ ఫ్యాక్టరీలో అసలు పని ఎవరు చేస్తున్నారో అర్థమైపోతుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాతి ప్రతి పట్టికలోనూ చూడాల్సింది ఆ 9,000 మంది కనిపిస్తున్నారా, మాయమయ్యారా అన్నదే.

ఆ తర్వాత సెక్షన్ సీ ప్రిన్సిపుల్స్ వారీగా ఉంటుంది. ఉద్యోగుల బాగోగుల గురించిన ప్రిన్సిపుల్ 3లో భద్రత పట్టిక ఉంటుంది. అందులో ఎల్‌టీఐఎఫ్‌ఆర్ అంటే పది లక్షల పనిగంటలకు ఎన్నిసార్లు కార్మికుడు పని మానేయాల్సినంత గాయపడ్డాడన్న లెక్క. చేత్తో సరిచూడొచ్చు. 5,000 మంది, ఏడాదికి ఒక్కొక్కరు 2,400 గంటలు అంటే 1.2 కోట్ల గంటలు. గాయాలు 6 అయితే 0.5 రావాలి. 0.1 వేశారనుకోండి, పది లక్షల బదులు రెండు లక్షల గంటలకు లెక్కకట్టారన్నమాట. అది అమెరికా పద్ధతి. కావాలని చేసినా, తెలియక చేసినా పక్క కంపెనీతో పోలిస్తే ఐదో వంతుకు తగ్గి కనిపిస్తుంది.

దీనికన్నా తరచుగా జరిగేది ఇంకోటి. ఈ పట్టికలో కాంట్రాక్టు కార్మికులను కూడా కలపాలని ఫార్మాట్‌లోనే ఉంది. గంటల లెక్కలో వాళ్లను కలిపేసి, గాయాల లెక్క దగ్గర కాంట్రాక్టర్ రిజిస్టర్ మనది కాదని వదిలేస్తే రేటు అమాంతం పడిపోతుంది. పట్టుకోవడం ఎలాగంటే, మరణాల గడి చూడండి. ఇద్దరు చనిపోయారని రాసి, ఎల్‌టీఐఎఫ్‌ఆర్ సున్నా అని వేస్తే ఆ రెండూ ఒకే పట్టికలో నిలవవు. మరణాలు రెండుండి చిన్న గాయాలు రెండో మూడో ఉన్నా అనుమానించాల్సిందే. మామూలుగా ప్రాణం పోయే ప్రమాదం ఒకటి జరిగేలోపు చిన్నవి చాలానే జరిగుంటాయి. అవి రిజిస్టర్‌లోకి ఎక్కలేదన్నమాట.

ప్రిన్సిపుల్ 5 మానవ హక్కులది. ఇందులో కనీస వేతనం పట్టిక బాగుంటుంది: కనీస వేతనం మాత్రమే పొందేవాళ్లు ఎందరు, అంతకన్నా ఎక్కువ పొందేవాళ్లు ఎందరు అని. పర్మనెంట్ వాళ్లంతా "ఎక్కువ" గడిలో, మిగతావాళ్లంతా "సమానం" గడిలో ఉంటే, జీతం సంగతి లేబర్ కాంట్రాక్టర్‌కు వదిలేశారని అనుకోవచ్చు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే పని చేయించుకునే కంపెనీయే, కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉన్నదే. కాబట్టి "వాళ్లు మా ఉద్యోగులు కారు" అన్న జవాబు చెల్లదు.

ఫిర్యాదుల పట్టికను చాలామంది తలకిందులుగా చదువుతారు. సున్నా కనిపిస్తే సంతోషిస్తారు. పన్నెండు వేల మంది పనిచేసేచోట జీతాల గురించి గానీ, లైంగిక వేధింపుల గురించి గానీ ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, ఫిర్యాదు చేసే దారి కార్మికులకు తెలియదనో, చెప్పుకుంటే గేటు పాసు పోతుందని భయమనో అనుకోవడమే క్షేమం. పద్దెనిమిది వచ్చాయి, పదహారు తేల్చారు, ఏడు నిజమని తేలాయి అని రాసిన కంపెనీయే నాకు నయమనిపిస్తుంది. కింద "100 శాతం ప్లాంట్లలో బాలకార్మికుల, వెట్టిచాకిరీ తనిఖీ" అని ఉంటుంది. తనిఖీ చేసింది ఎవరో చదవండి. కంపెనీ తనను తానే చూసుకున్నా ఆ గడి నిండుతుంది.

ఇవన్నీ చూశాక కూడా ఒక పెద్ద ఖాళీ మిగులుతుంది. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకైన ఎల్‌జీ పాలిమర్స్, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది చనిపోయిన ఎసెన్షియా, రెండూ లిస్టెడ్ కావు. వాటికి బీఆర్‌ఎస్‌ఆర్ లేదు. ఇలాంటివి మన కంటపడే అవకాశం వాటి మాతృసంస్థ ద్వారానో, వాటి దగ్గర సరుకు కొనే లిస్టెడ్ కంపెనీ ద్వారానో మాత్రమే. కొనుగోళ్లలో మొత్తం 75 శాతం వాటా ఉన్న సరఫరాదారుల వివరాలు మొదటి 250 కంపెనీలు చెప్పాలని సెబీ మొదట అనుకుంది. తర్వాత ఒక్కొక్కరికి 2 శాతం, అంతకు పైబడి వాటా ఉన్నవాళ్లకే పరిమితం చేసి, ఏడాది వెనక్కి జరిపి, ఇష్టమైతేనే అని మార్చింది. ఆ వివరాలు ఇచ్చే కంపెనీ కనబడితే ఒక మార్కు ఎక్కువ వేయండి.

కాలం తేడా కూడా ఉంది. పాశమైలారం సిగాచీ పేలుడు 2025 జూన్ 30న జరిగింది. లిస్టెడ్ కంపెనీయే. కానీ అలాంటి ప్రమాదం పడేది 2025-26 లెక్కలో. అంటే మార్చి 2025 వరకున్న నివేదిక చదివి నిశ్చింతగా ఉండకూడదు. ప్లాంటు ఉన్న ఊరి పేరుతో తెలుగు పత్రికల జిల్లా పేజీలు వెతకండి: పరవాడ, జీడిమెట్ల, పాశమైలారం, నాయుడుపేట. కంపెనీ పేరు వేయకుండా "ఓ ప్రైవేటు పరిశ్రమలో" అని రాసేస్తుంటారు, అందుకే ఊరి పేరే పనికొస్తుంది. పర్యావరణ అనుమతి ఉన్న ప్లాంటు ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన నివేదికల కోసం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ చూడండి. గడువు దాటి ఏళ్లయినా కొత్తది లేకపోతే అదే ఒక సమాచారం.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) పేజీలకు మార్కులు వేయకండి. సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్నది కంపెనీల చట్టం సెక్షన్ 135. ఆర్వో ప్లాంటు కట్టించిన కంపెనీయే ఆ ఊరి బోర్లు పాడుచేసి ఉండొచ్చు.

బయటి అభిప్రాయం కావాలంటే నార్వే ప్రభుత్వ పింఛను నిధి పక్కన పెట్టిన కంపెనీల జాబితా ఉచితంగా దొరుకుతుంది, కారణాలతో సహా. 2007లోనే వేదాంతను పర్యావరణ, మానవ హక్కుల కారణాలతో తీసేసింది. వేదాంత బాక్సైట్ గని కోసం చూసిన ఒడిశాలోని నియమగిరి కొండల మీద మన సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2013లో. రేటింగ్ ఏజెన్సీ స్కోరు కన్నా ఆ కారణాలు చదవడమే ఉపయోగం.

చివరగా, షేరు ఒక్కటున్నా మీరు వాటాదారే. సెక్షన్ ఏలో బీఆర్‌ఎస్‌ఆర్‌కు సంబంధించి సంప్రదించాల్సిన వ్యక్తి ఈమెయిల్ ఉంటుంది. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసు రాగానే ఆయనకూ, కంపెనీ సెక్రటరీకీ రెండే ప్రశ్నలు పంపండి: "ఎల్‌టీఐఎఫ్‌ఆర్ లెక్కలో కాంట్రాక్టు కార్మికుల గంటలు, గాయాలు రెండూ ఉన్నాయా? గడిచిన మూడేళ్లలో చనిపోయినవారిలో కాంట్రాక్టు వాళ్లెందరు, పరిహారం ఎంత?" ఫండ్ ద్వారా పెట్టినవాళ్లయితే ఇవే ప్రశ్నలు ఫండ్ హౌస్‌కు రాయండి. వాళ్లు ఏజీఎంలలో ఎటు ఓటేశారో మూడు నెలలకోసారి తమ సైట్‌లో పెడతారు, అదీ తెరిచి చూడండి.