చెవితో చదవవలసిన శ్లేష

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇంగ్లీషు పుస్తకాలలో అందరూ నవ్వే చోట నీకు నవ్వు రావడం లేదనీ, నిఘంటువు దగ్గర పెట్టుకున్నా ఆ చమత్కారం దొరకడం లేదనీ రాశావు. లోపం నీ తెలివిలో లేదమ్మా. మనలో చాలామందిమి ఆ భాషను కంటితో నేర్చుకున్నాం. వాళ్ల శ్లేష చాలావరకు చెవిలో ఉంటుంది.

తెలుగును దాదాపు పలికినట్టే రాస్తాం కనుక, మన శ్లేష వినిపించినట్టే కాగితం మీదా కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో పింగళి సూరన రామాయణ భారత కథలను ఒకే పద్యాలలో నడుపుతూ ‘రాఘవపాండవీయము’ రాసినప్పుడు, అవే అక్షరాలను రెండు విధాలుగా విరుచుకొనే వీలు ఆయనకు ఉంది. ఇంగ్లీషులో సూర్యుడన్నా కొడుకన్నా పలకడం ‘సన్’ అనే, స్పెల్లింగులో మాత్రం నడిమి అక్షరం వేరు. షేక్‌స్పియర్ ‘మూడవ రిచర్డ్’ నాటకం మొదట్లోనే యార్క్ సూర్యుడి ప్రస్తావన వస్తుంది. రాజైన నాలుగవ ఎడ్వర్డ్ యార్క్ ప్రభువు కొడుకు కూడానని నాటకం వింటున్నవాడికి వెంటనే స్ఫురిస్తుంది, నేటి ప్రతిని చూసి చదివేవాడికి ఆ ఒక్క అక్షరం అడ్డుపడుతుంది.

నన్ను ఏళ్ల తరబడి వేధించినది 1865లో అచ్చయిన లూయిస్ కరోల్ ‘ఎలిస్’ కథలోని తాబేలు. సముద్రపు బడిలో పంతులు టర్టిల్, అంటే సముద్రపు తాబేలు, అయితే ఆయనను టార్టాయిస్, అంటే నేల తాబేలు, అని ఎందుకు పిలిచేవారని ఎలిస్ అడుగుతుంది. మాకు చదువు చెప్పేవాడు కనుక, అని ఆ తాబేలు జవాబు. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఈ జవాబులో ఏ సంబంధమూ కనబడలేదు. ఒకనాడు రేడియోలో ఒక ఆంగ్లేయుడి గొంతులో ఆ మాట విన్నాను. దక్షిణ ఇంగ్లండు ఉచ్చారణలో హల్లుకు ముందున్న రకారం వినిపించదు. అందువల్ల టార్టాయిస్ ‘టోటస్’ అవుతుంది; ‘మాకు నేర్పాడు’ అనే అర్థమిచ్చే ‘టోట్ అస్’ అన్న రెండు మాటలనూ కలిపి పలికితే అవీ ‘టోటస్’ అవుతాయి. మన ఆలంకారికులైతే దీన్ని సభంగ శ్లేష, అంటే మాటను విరిస్తే రెండో అర్థం వచ్చే శ్లేష, అనేవారు.

మాటను విరవకుండానే రెండర్థాలిచ్చే అభంగ శ్లేషకు నిఘంటువు కొంత సాయపడుతుంది. ‘రోమియో జూలియట్’లో కత్తిపోటు తిన్న మెర్క్యూషియో, రేపు నా కోసం అడిగితే నేను ‘గ్రేవ్’ మనిషినై కనబడతానంటాడు. గంభీరం అనే అర్థం లాటిన్ నుంచి వచ్చింది, సమాధి అనే అర్థం పాత ఇంగ్లీషుది. రెండు వేరు మాటలు కనుక నిఘంటువులు వీటిని వేర్వేరు పదాలుగా, పక్కన అంకె వేసి ఇస్తాయి. నువ్వు మొదటిదాని దగ్గరే ఆగిపోతున్నావేమో చూసుకో.

రోజూ ఒక పేజీ పైకి చదువు, అదే పేజీని ఆంగ్లేయుల గొంతులో విను. అర్థమయ్యాక నవ్వు రాకపోయినా దిగులుపడకు. రచయితగా నీకు కావలసినది ఆ మాట ఎక్కడ విరిగిందో తెలియడం.

ఎలిస్ కథలోనే మరోచోట, భూమి తన అక్షం మీద తిరగడానికి 24 గంటలు పడుతుందని ఎలిస్ అనగానే, గొడ్డళ్ల మాట వచ్చింది కనుక ఈమె తల నరకండి అంటుంది డచెస్. అక్షానికీ గొడ్డళ్లకూ ఉన్న ఇంగ్లీషు మాటలను పైకి పలికి చూడు. తెలుగులో ఆ చోట నువ్వైతే ఏమి రాస్తావో వచ్చే ఉత్తరంలో పంపు.

నీ శ్రేయోభిలాషి